తిరగలి పాటలో రెండో చరణం

సంతియాగో,
ఫిబ్రవరి 11, 2016

దొరింద అత్తకి సబేలా బోలెడు ముద్దులతో రాయునది.

వచ్చేసిందత్తా! మా మొదటి డిస్కు నిన్న మధ్యాహ్నం అట్టపెట్టెల్లో దిగింది. నెరేయా కత్తెర కోసం ఇల్లంతా వెతుకుతుంటే ఆగలేక టేపు పళ్ళతో చింపేశాను. అట్ట మీద మా ముగ్గురి బొమ్మ, పైన మా జట్టు పేరు: ‘చిరిగిన వల’. ముట్టుకుంటే అక్షరాలు చేతికి తగులుతున్నాయి.

మొదటి కాపీ నీకే పంపుతున్నాను. నీకు కాకపోతే ఎవరికి? అమ్మానాన్నా స్విట్జర్లాండు హోటల్లో పళ్ళేలు కడుగుతున్న ఆ పదేళ్ళూ నన్ను పెంచింది నువ్వు. వలల కొట్టంలో నీ పక్కన కూర్చునే కంజీర పట్టుకోవడం నేర్చుకున్నాను. చంకలో తోలుతిత్తి నొక్కుతూ తిత్తిబూర ఊదడం ఎవరెవరి దగ్గరో నేర్చుకున్నా, తాళం మాత్రం నీదే.

మూడో పాట జాగ్రత్తగా విను. అది నీ తిరగలి పాట. దాని కింద బ్రెయిషో బేస్ గిటార్ వాయించాడు, నెరేయా డోలు కొట్టింది. నువ్వు ఉలిక్కిపడతావని తెలుసు, కిటికీ అద్దాలు అదురుతాయి. విని ఉన్నదున్నట్టు రాయి. మొహమాటం వద్దు.

ఇంకో సంగతి. జూలైలో ఫ్రాన్సు నుంచి పిలుపు వచ్చింది, బ్రెతాన్యా తీరంలో పెద్ద ఉత్సవం. ఐర్లండు వాళ్ళు, స్కాట్లండు వాళ్ళు, వేల్స్ వాళ్ళు, అందరూ తిత్తిబూరలు మోసుకొస్తారు. కెల్టిక్ సంగీతం అంటారు దాన్ని, మన గలీసియా వాళ్ళమూ ఆ చుట్టాల్లో ఒకళ్ళమట. ఈ ఏడాది మాదే అత్తా, చూస్తూండు.

నీ
సబేలా


కబానెల,
ఫిబ్రవరి 23

ఏమే సబేలా,

డిస్కు అందింది. ఇక్కడ ఇరవై రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. పడవలన్నీ చిరిగిన వలలతో తిరిగొచ్చాయి. పడవల వాళ్ళకి ఏడుపు, మాకు పని. ఒబ్దూలియా, నేను పొద్దున్నే కొట్టంలో కూర్చుంటే చీకటి పడేదాకా సూది దింపడం లేదు. కార్నివాల్ అట్లలో సోంపు వేయాలా వద్దా అని మాకిద్దరికీ గొడవైంది. మూడు రోజులు మాటల్లేవు. ఎదురెదురుగా కూర్చుని ఒకే వల కుడుతూ మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో నీకు తెలియదు.

అట్ట మీద మీ ముగ్గురూ పోలీసులు పట్టుకొచ్చి గోడకి నిలబెట్టిన వాళ్ళలా ఉన్నారు. ఆ పొడుగాటి వాడేనా బ్రెయిషో? జుట్టు దువ్వుకోమను. జట్టుకి ఆ పేరేమిటే? జన్మంతా నేను చిరిగిన వలలు కుడుతుంటే నువ్వు దాన్నే తెచ్చి అట్ట మీదకి ఎక్కించావు. రొట్టెల కొట్టు పెట్టి ‘మాడిన రొట్టె’ అని బోర్డు రాసుకుంటారా ఎవరైనా?

పాటలు విన్నాను. బాగానే ఉన్నాయి.

ఆదివారాలు ఫోను చేయకు. అందులో అంతా జుయ్‌మంటుంది. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు. వేళకి తిను.

మీ అత్త
దొరింద


కొరూన్యా,
ఏప్రిల్ 4

అత్తా,

‘బాగానే ఉన్నాయి’ అంటే ఏమిటి? పులుసులో ఉప్పు తక్కువైతేనే ఒక పేజీ రాసే మనిషివి, పది పాటల డిస్కుకి ఒక్క ముక్కా?

సరే, మా సంగతులు. మొన్న శనివారం ఇక్కడ థియేటర్లో వాయించాం. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఆఖరి పాటకి జనం లేచి వరసల మధ్యే చేతులు పైకెత్తి ఆడటం మొదలుపెట్టారు. ఇద్దరు ముసలమ్మలు మెట్ల మీద ఆడారు, చూస్తే నువ్వూ ఒబ్దూలియా గుర్తొచ్చారు.

అయిపోయాక ఒక పెద్దాయన తెర వెనక్కి వచ్చాడు. యాభై ఏళ్ళుగా తిత్తిబూర వాయిస్తున్నాడట.

“పిల్లా, నీ వేళ్ళు మంచివి. కానీ ఆ కరెంటు చప్పుడేమిటి? వలలు కుట్టే ఆడవాళ్ళ పాటని తెచ్చి దాని కింద పూడ్చిపెట్టావు” అన్నాడు.

“ఆ ఆడవాళ్ళే నాకు నేర్పారు తాతగారూ. వాళ్ళు కాదంటే మానేస్తాను” అన్నాను.

“అడిగావా మరి వాళ్ళని?” అన్నాడు.

అడిగాను, నువ్వేమో అట్ల సంగతి రాశావు. అందుకే ఒక్క ప్రశ్న, ఒక్కదానికే జవాబు రాయి. తిరగలి పాటలో రెండో చరణం దగ్గర మేం చేసింది నీకు నచ్చిందా?

సబేలా


కబానెల,
ఏప్రిల్ 17

సబేలా,

ఆ ముసలాయనకి పెళ్ళాం పులుసు వేళకి పెట్టడం లేదేమో, కోపం నీ మీద చూపించాడు. పట్టించుకోకు.

రెండో చరణం అడిగావు కదూ. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఊపిరి కూడా తీసుకోవాల్సిన చోటే తీసుకున్నావు. ‘వాన’ అన్న మాట ఇంకాస్త సాగదీయి. అక్కడ పడవ కనిపించకుండా పోతుంది కదా, కళ్ళు చికిలించి చూస్తున్నట్టు ఉండాలి గొంతు. అంతకుమించి వంక పెట్టడానికేం లేదు.

రేవులో కొత్త మంచు యంత్రం పెట్టారు. ఒబ్దూలియా మోకాలు వాచింది. నేను బాగున్నాను.

అత్త


సంతియాగో,
ఏప్రిల్ 29

దొరింద అత్తా,

రెండో చరణం డిస్కులో లేదు.

ఎవరూ పాడలేదు దాన్ని. ఆ చోట నా గొంతు లేదు, నెరేయా గొంతు లేదు. కింద బ్రెయిషో తాళం, పైన తిత్తి ఒంటి శ్రుతి, అంతే. ఎందుకో తెలుసా? అది మామయ్య సముద్రం నుంచి తిరిగిరాని ఏడాది నువ్వు కట్టుకున్న చరణం. స్టూడియోలో మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ మొదటి మాట దగ్గరే ఆపేశాను. అప్పుడు బ్రెయిషోయే అన్నాడు, “అది మనది కాదు సబేలా, మీ అత్తది. ఖాళీగా వదిలేద్దాం” అని. నీ చోటు నీకు వదిలాం. విన్నవెంటనే నీకు తెలుస్తుందనుకున్నాను. ఆగస్టులో మన ఊరి పండగకి మేం వాయించబోతున్నాం, ఆ రోజు వేదిక మీద ఆ చోట నువ్వు నిలబడి పాడతావని, అడగకుండానే ఒప్పుకుంటావని ఎన్ని ఊహించుకున్నానో.

నువ్వేమో లేని గొంతుకి ‘వాన’ సాగదీయమని రాశావు. ఆ కవరు విప్పావా అసలు? నచ్చలేదని రాస్తే పడుండేదాన్ని. వినకుండానే విన్నానని రాస్తావా, నాకు?

సబేలా


కబానెల,
మే 15

సబేలా,

నేను విన్నానంటే విన్నానే. అబద్ధమాడే అలవాటు నాకు లేదని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నీ పాట ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నాకు చెవులక్కర్లేదు.

ఆగస్టు పండగకి నన్ను పిలవకు. కంజీర మేకుకి తగిలించేశాను, ఇక తియ్యను. పాడటానికి ఒబ్దూలియా ఉంది, అవతలి వీధిలో ఇంకా నలుగురున్నారు. ఎవరినైనా అడుక్కో.

వర్షాలు తగ్గాయి.

దొరింద


బ్రెతాన్యా, ఫ్రాన్సు
జూలై 21

అత్తకి,

రెండు నెలలు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయమేసి ఊరుకున్నాను.

ఇక్కడ మాకు పట్టం కట్టారు. మొదటి రోజు చిన్న గుడారం ఇచ్చారు, జనం బయటికి పొంగిపోతే రెండో రోజు పెద్ద వేదిక మీదికి మార్చారు. ఒక స్కాట్లండు డోలు మేళం వాళ్ళు మా వెంటపడి, మన గలీసియా తాళాలు నేర్పమని పార్కింగు స్థలంలో రెండు గంటలు కూర్చోబెట్టారు. మన ఆరు దెబ్బల నడక వాళ్ళ కాళ్ళకి తెలిసినట్టే ఉంది, కానీ ఎత్తుకునే చోటు వేరు. తడబడి, నవ్వి, మళ్ళీ మొదలెట్టారు. తిరగలి పాట మాత్రం వాయించలేదు. నువ్వు చెవులక్కర్లేదన్న రోజునే దాన్ని కార్యక్రమంలోంచి తీసేశాను.

అసలు సంగతి. మాద్రిద్ నుంచి ఒక కంపెనీ ఆయన వచ్చాడు. మూడు డిస్కులకి ఒప్పందం రాస్తానన్నాడు. షరతు ఒక్కటే.

“బేస్ తీసెయ్యండి, డోలు తగ్గించండి. తిత్తిబూర, గొంతు, కాస్త కంజీర. స్వచ్ఛంగా ఉండాలి. భోంచేస్తూ వినేలా ఉండాలి” అన్నాడు.

నెరేయా లేచి వెళ్ళిపోయింది. బ్రెయిషో మాత్రం నవ్వి, “నేను తప్పుకుంటాను. ఆ ముసలాయనా వద్దన్నాడు, మీ అత్తా వద్దంది, ఈయనా వద్దంటున్నాడు. ముగ్గురూ తప్పవుతారా?” అన్నాడు. పదకొండేళ్ళుగా నా పక్కన నిలబడ్డ మనిషి అత్తా. ఆ నవ్వు చూడలేకపోయాను.

అయినా సరేనన్నాను. ఆగస్టు ఎనిమిదిన సంతకాలు. చివరికి నీ మాటే నెగ్గింది. నీకు నచ్చే పద్ధతిలోనే, చప్పుడు లేకుండా పాడతాను. మూడో తేదీకి సంతియాగో చేరతాను.

సబేలా


కబానెల,
జూలై 30

నా సబేలా,

దీన్ని పోస్టులో వేయడం లేదు. ఒబ్దూలియా తన మోకాలుతో, రెండు బస్సులు మారి తీసుకొస్తుంది. నువ్వు చదివి ముగించేదాకా మీ గుమ్మంలోంచి కదలనని నాకు మాటిచ్చింది. ఆవిడకి కాఫీ ఇవ్వు.

నాకు చెవులు పోయాయే.

మూడు చలికాలాలైంది. కుడిది మొదట పోయింది, పడవల మోటార్ల పక్కన బతికినదాన్ని కదా, చెవిలో హోరు అనుకున్నాను. తర్వాత ఎడమది. కొరూన్యాలో డాక్టరు చెవిలో పెట్టుకునేది ఒకటి ఇచ్చాడు, అది ఈలలు వేస్తుంటే సొరుగులో పడేశాను. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాటలు పట్టుకుంటాను, ఒబ్దూలియాకి తప్ప ఎవరికీ తెలియదు. పాడే మనిషికి చెవుడొచ్చిందంటే ఊరు జాలిపడుతుంది. నా మీద జాలిపడే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. నీ ముందు మరీ సిగ్గు. అందుకే ఫోను వద్దన్నాను, ఉత్తరాలు రాయమన్నాను.

డిస్కు విన్నాను. ఇప్పుడు చెప్తాను ఎలా విన్నానో. పండగ కమిటీ వాళ్ళ పెద్ద స్పీకరు అడిగి తెచ్చి కొట్టంలో చెక్కనేల మీద పెట్టింది ఒబ్దూలియా. నేను వలల పెట్టె మీద కూర్చున్నాను. మొదటి రెండు పాటలకీ ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను, వాటిలో బేస్, డోలు లేవట, నాకేమీ అందలేదు. నీ తిత్తిబూర లేదు, నీ గొంతు లేదు. సన్నని శబ్దాలే ముందు పోతాయట, డాక్టరు చెప్పాడు. మూడోది మొదలయ్యేసరికి పెట్టె నా తొడల కింద కదిలింది. పాదాల్లోంచి మోకాళ్ళలోకి, అక్కణ్ణుంచి పొట్టలోకి వచ్చింది. ఆరు దెబ్బలు. ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కుతున్నాడు, ఎక్కడ వదలాలో అక్కడే వదులుతున్నాడు. తిరగలి పాట అని అప్పుడే తెలిసిపోయింది. మూడేళ్ళ తర్వాత నా ఒంట్లోకి పాట వచ్చిందే! మేకు మీది కంజీర లాక్కున్నాను. మొదటి చరణం పాడాను, నువ్వూ పాడుతున్నావనుకున్నాను. రెండో చరణం పాడాను, అప్పుడూ నువ్వు నాతోనే ఉన్నావనుకున్నాను.

‘వాన వైపు పోయింది మా వాడి పడవ
పొయ్యి మీది పులుసు చల్లారనివ్వను’

ఒబ్దూలియా ఏడుస్తోంది. కంట్లో నలక పడిందేమో అనుకున్నాను. ఏప్రిల్ చివర్లో నువ్వు రాసిన ఉత్తరం చూపించాక చెప్పింది, “ఆ చోట ఎవరూ పాడలేదు దొరిందా, నువ్వొక్కదానివే పాడావు” అని. ‘వాన’ సాగలేదని నేను తప్పుపట్టింది నా గొంతునే, నీది కాదు.

అప్పుడే ఇదంతా రాయాల్సింది. ‘విప్పావా అసలు’ అని నువ్వు అడిగేసరికి రోషమొచ్చి నోటికొచ్చింది రాశాను. చెవులు లేని మనిషిని వేదికెక్కిస్తే మిమ్మల్ని నవ్వులపాలు చేస్తానని భయమేసి కంజీర తియ్యనన్నాను. నచ్చలేదన్న మాట ఒక్కటీ మీ వాయిద్యాల మీద నేను అనలేదు, మళ్ళీ చదివి చూసుకో.

ఇక విను. భోంచేస్తూ వినడానికా మన పాటలు? చేతులు పని చేస్తుంటే పాడేవి అవి. ఆ కంపెనీ ఆయన్ని ఒక పూట మా కొట్టంలో కూర్చోబెట్టి వల చేతికివ్వు. సంతకం పెట్టాలో వద్దో నీ ఇష్టం, జట్టు నీది. కానీ నా మాటగా బ్రెయిషోని మాత్రం పంపకు. మీ ముగ్గురిలో నాకు వినిపించేది వాడొక్కడే.

అత్త


సంతియాగో,
ఆగస్టు 5

అత్తా, అత్తా,

ఒబ్దూలియాకి మూడు కాఫీలు ఇచ్చాం. గుమ్మంలోనే నిలబడి మూడూ తాగింది, లోపలికి రమ్మంటే “ఇంకా చదవడం అవలేదుగా” అంది. అయిపోయాక నేను మెట్ల మీదే కూలబడ్డాను. ఆవిడే నా వీపు నిమిరి, “ఏడవకు, దానికి తెలిస్తే నన్ను తిడుతుంది” అంది.

ఉత్తరం బ్రెయిషోకి ఇచ్చాను. చదివి, మడిచి, బాల్కనీలోకి వెళ్ళాడు. తిరిగొచ్చి, “మీ అత్తకి నిలబడటానికి ఎంత చోటు కావాలి?” అన్నాడు.

మాద్రిద్‌కి ఫోను చేసి సంతకం పెట్టనని చెప్పేశాను. “ఇలాంటి అవకాశం మళ్ళీ రాదమ్మా” అన్నాడు ఆయన. “మాకు చాలా వస్తాయండీ” అన్నాను. గొప్పకి కాదు, నిజంగా అలాగే అనిపించింది.

నేను గుడ్డిదాన్నత్తా. ఎదురుగా వచ్చి కూర్చోకుండా, రెండు నెలలు మూతి ముడుచుకు కూర్చున్నాను. క్షమించు అని రాస్తే మళ్ళీ తిడతావు, రాయను. పండగ ఇరవై ఎనిమిదిన. బేస్ స్పీకరు చెక్కవేదిక మీదే ఆనిస్తాం. దాని పక్కన నీ చోటు. పాడతావా?

సబేలా


కబానెల,
ఆగస్టు 11

సబేలా,

షరతులు. ఒబ్దూలియా నా ఎడమ పక్క నిలబడాలి, నేను తప్పితే మోచేత్తో పొడుస్తుంది. నాకు చెవుడని మైకులో ఎవరూ చెప్పకూడదు. నేను చెప్పులు విప్పేస్తాను, చూసి ఎవరైనా నవ్వితే దిగిపోతాను. బ్రెయిషో జుట్టు దువ్వుకోవాలి.

దొరింద


వీగో,
నవంబరు 19

అత్తా,

పండగ నుంచి ఇప్పటిదాకా పద్దెనిమిది ఊళ్ళు. ఒక్కచోట కూర్చుని రాయడం ఇదే.

ఆ రోజు నీకు కనపడనివి చెప్పమని అడిగావు. రెండో చరణం నువ్వు రెండు దెబ్బలు ముందే ఎత్తుకున్నావు. ఒబ్దూలియా మోచెయ్యి లేపింది, బ్రెయిషో తల అడ్డంగా ఊపి ఆపేశాడు. రెండు దెబ్బలు దాటించి నీ దగ్గరికి వచ్చేశాడు, వెంటనే నెరేయా, వెనకే నేను. నిన్ను ఆపలేదత్తా, మేమే నీ దగ్గరికి వచ్చాం. ‘వాన’ దగ్గర నువ్వు సాగదీస్తూనే ఉన్నావు. నా తిత్తిలో గాలి అయిపోతోంది, అయినా నువ్వు వదల్లేదు. ముందు వరసలో పడవల వాళ్ళు టోపీలు తీశారు. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు, అందుకే నీకు తెలియదు. కొరూన్యా పెద్దాయన కూడా వచ్చాడు. పూర్తయ్యాక నా దగ్గరికొచ్చి, “అడిగావన్నమాట” అని చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

ఇక్కడ వీగోలో ఒక చిన్న కంపెనీ మా ముగ్గురినీ ఉన్నవాళ్ళని ఉన్నట్టే తీసుకుంది. వాళ్ళ స్టూడియో ఒకప్పుడు సార్డీన్ చేపలు డబ్బాలకెత్తిన కార్ఖానా, ఇంకా వాసన పోలేదు. రెండో డిస్కులో ఐదు పాటలు మీ కొట్టంవే. ఈసారి ఖాళీలు వదలం. ఫిబ్రవరిలో యంత్రాలన్నీ వ్యానులో వేసుకుని మీ కొట్టానికే వస్తున్నాం, నీ గొంతు అక్కడే పట్టుకుంటాం. మార్చిలో ఐర్లండు, వేసవికి మళ్ళీ బ్రెతాన్యా. ఈసారి పెద్ద వేదిక ముందే ఇచ్చారు. డిస్కు మీద నీ పేరు ‘దొరింద అత్త’ అని వేయాలా, పూర్తి పేరు వేయాలా?

నీ
సబేలా


కబానెల,
డిసెంబరు 2

సబేలా,

పూర్తి పేరు వెయ్యి. నేను లోకానికంతా అత్తనేమీ కాదు. దొరింద లాగో కాస్త్రో. ఒబ్దూలియా పేరు నా పేరు కన్నా చిన్న అక్షరాల్లో పడితే ఇక ఇద్దరికీ జన్మలో మాటలుండవు, చూసుకో.

ఇక్కడ కొత్త సంగతి ఒకటుంది. మంగళవారం ముగ్గురు అమ్మాయిలు కొట్టం తలుపు తట్టారు. తట్టారని ఒబ్దూలియా చెప్పింది. ఒకతె మందుల కొట్టులో పని చేస్తుంది, ఇద్దరు కాలేజీ. కంజీర నేర్పమన్నారు. “పొద్దున్న వలలు, తర్వాతే కంజీర” అన్నాను. ఒప్పుకున్నారు. అందులో మందుల కొట్టు పిల్ల మొదటి రోజే వేళ్ళు తెగ్గోసుకుంది, అయినా మర్నాడు వచ్చింది.

నాకు వాళ్ళ వాయింపు వినపడదు కదా, మణికట్టు చూస్తాను. తప్పు కొట్టబోయే పిల్ల మణికట్టు ఒక క్షణం ముందే బిగుసుకుంటుంది. అప్పుడే “ఆగు!” అంటాను. ఇంకా కొట్టనేలేదు, తప్పని ఎలా తెలిసిందా అని ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తారు. ఈవిడ చెవి ఎంత పదునైందో అని బయట చెప్పుకుంటున్నారట.

నువ్వొచ్చినప్పుడు నోరు జారకు. అలాగే అనుకోనీ.

వాళ్ళు వచ్చే వేళైంది, వెళ్తున్నాను.

దొరింద